మూడోసారి అడగాల్సిన మాట

సంచిలో రెండు చొక్కాలు పెట్టింది అక్క. ఒకటి తీసేసింది. కాసేపు దాన్ని చేత్తో పట్టుకుని నిలబడి, మళ్ళీ పెట్టింది.

"రెండు దేనికి? ఒకటి చాలు," అన్నాడు ఆమె మొగుడు గుమ్మంలోంచి. అటు తిరిగి కూర్చుని చెప్పులకి నూనె రాసుకుంటున్నాడు. వీపుతో మాట్లాడటం ఆయనకి పాత అలవాటు.

"చాలని ఎవరు చెప్పారు? ఉత్తరంలో శుక్రవారం నగరంలో హాజరు కమ్మని ఉంది. ఇంటికి ఎప్పుడు పొమ్మంటారో లేదు."

"వారం తిరక్కుండా వచ్చేస్తాను."

"ఒకసారి ఇలాగే అన్నావు. పదకొండు నెలలు పట్టింది."

"అప్పుడు జైలు. ఇప్పుడు విచారణ."

"సర్దేదాన్ని నేను. నాకు రెండూ ఒకటే."

నవ్వుతాడేమోనని చూసింది. నవ్వలేదు. సోమవారం నుంచీ ఆ ఇంట్లో నవ్వు లేదు, సరైన తిండీ లేదు. వండింది వండినట్టే ఉంటోంది. మూత తీసి చూడటం, మళ్ళీ మూత పెట్టడం, అంతే ఆమె పని.

ఊరంతా ఆమెను అక్క అనే పిలుస్తుంది. అత్తగారు కూడా బతికినన్నాళ్ళూ కోడలిని అక్కా అనే పిలిచిందంటే, ఆ పిలుపు ఎంత ముదిరిపోయిందో చూసుకోండి. ఆమె మొగుడు పెద్ద. కొండ మీది పది పల్లెలకీ ఆయనే పెద్ద.

లోకం ఆయన జీవితాన్ని పదవులతో లెక్కపెడుతుంది. మండలిలో కాలు పెట్టిన తొలి ఆదివాసీ అంటారు కొందరు, మూడుసార్లు గెలిచిన మనిషి అంటారు కొందరు. అక్క మాత్రం సంచులతో లెక్కపెడుతుంది.

మొదటి సంచి పెళ్ళయిన నెలకే. సర్వేవాళ్ళ వెంట గొలుసు మోయడానికి వెళ్ళి, కొండ చుట్టూ హద్దురాళ్ళు పాతి వచ్చాడు. ఆ రాళ్ళ లోపలున్నది ఇక తమది కాదని తెలియడానికి ఆరేళ్ళు పట్టింది. తెలిసిన వారంలోనే ఒక్కొక్క రాయీ పీకి వాగులో వేశాడు. రాళ్ళు ఎక్కడెక్కడున్నాయో నీకెలా తెలుసని జడ్జి అడిగితే, "పాతింది నేనే కదండీ" అన్నాడట. కోర్టంతా నవ్వింది. జడ్జి కూడా నవ్వాడు. నవ్వుతూనే పదకొండు నెలలు వేశాడు. అది రెండో సంచి.

మూడోది మండలికి. ఇది నాలుగోది.

వీటన్నిటికీ మధ్య ఇంకొకటుంది. మొగుడిది కాదు గనక ఆమె దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఏడేళ్ళ తమ్ముడిని కింద పట్నంలో హాస్టలు బడికి పంపినప్పుడు సర్దిన చిన్న సంచి. తల్లి పోయేనాటికి వాడికి మూడేళ్ళు, ఆమెకి పదకొండు. చంకన వేసుకుని పెంచింది. పెళ్ళయినప్పుడు వాడినీ వెంటబెట్టుకునే కాపురానికి వచ్చింది. బడికి వెళ్ళినవాడు రెండు భాషలతో తిరిగొచ్చాడు. ఆ రెండు భాషలే వాడికి ఉద్యోగమయ్యాయి. భూముల ఆఫీసులో కొండవాళ్ళ మాట అధికారులకీ, అధికారుల మాట కొండవాళ్ళకీ చెప్పే దుబాసీ. పేరు కూడా అదే అయిపోయింది.

ఇవాళ ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తడం లేదు.

"వాడికి కబురు పెట్టాను," అంది అక్క, సంచి వైపే చూస్తూ.

నూనె రాసే చెయ్యి ఆగింది. "దేనికి?"

"దేనికేమిటి? నా తమ్ముడు. చూడాలనిపించింది."

రెండో చెప్పు అందుకున్నాడు.

*

దుబాసీ ఎనిమిదింటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో కలం, ఎక్కి వచ్చినందుకు మెడ వెనక చెమట. గుమ్మం ముందు బావ కూర్చుని ఉండటం చూసి ఒక్క క్షణం తటపటాయించాడు. దాటాలంటే ఆయన లేవాలి, లేదా జరగాలి.

"ఏం బావా, ప్రయాణమా?"

"కాదు. సంచికి ఎండ చూపిద్దామని."

"మరి నీడలో పెట్టారేం?"

"ఆఫీసువాళ్ళు వచ్చి ఎండ కూడా మాదేనంటారని భయం."

ఇంకో రోజయితే ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్ళు. ఇరవయ్యేళ్ళుగా ఆ ఇద్దరి పలకరింపూ ఇలాగే ఉంటుంది. ఒకరినొకరు ఎంత ఎత్తిపొడుచుకుంటే అంత ప్రేమ అన్నట్టు. ఇవాళ మాటలు అవే గానీ వాటి వెనక ఏమీ లేదు. పెద్ద కొంచెం జరిగాడు. దుబాసీ లోపలికి వచ్చాడు.

లోపల కూతురు ఉంది. ఆరోగ్య కేంద్రంలో నర్సు. డ్యూటీకి వెళ్ళాల్సింది, తెల్ల చీర కట్టుకుని కూడా వెళ్ళకుండా కూర్చుంది.

"రా మావయ్యా. కుర్చీ వెయ్యనా? నేల మీద కూర్చుంటే ఇస్త్రీ నలుగుతుందేమో."

"ఊరుకోవే," అంది అక్క.

"ఊరుకునే కదమ్మా ఇంతవరకూ తెచ్చుకున్నాం." బల్ల మీద మడత పెట్టిన కాగితం తీసింది. సోమవారం నోటీసు బోర్డు మీద అంటించినదాన్ని చేత్తో రాసి తెచ్చుకుంది. "విను మావయ్యా. కింద నీ సంతకమే ఉంది. 'హాజరైనవారు మూడు వందల పన్నెండు మంది. కొండ తవ్వకపు ప్రతిపాదన స్థానిక భాషలో వివరించబడినది. మూడు పర్యాయములు అభ్యంతరములు కోరబడినవి. అభ్యంతరములు ఏవియూ రాలేదు.'"

"అందులో అబద్ధం ఎక్కడుందో చూపించు," అన్నాడు దుబాసీ మెల్లగా.

"లేదు మావయ్యా. అదే కదా దరిద్రం. ఒక్క అబద్ధం లేకుండా కొండంత అబద్ధం రాశారు."

కొండ మీద ఎవరూ ఎవరినీ మొహం మీద కాదనరు. వచ్చి నీళ్ళు తాగిన మనిషిని కాదనడమంటే చెంప మీద కొట్టడమే. అడిగింది ఇవ్వలేనిదైతే తల దించుకుని నేల చూస్తారు. మూడుసార్లు అడగొచ్చు. మూడోసారీ నేలే చూస్తే ఆ మాట చచ్చిపోయినట్టు, మళ్ళీ ఎత్తకూడదు. ఉప్పు అమ్ముకోవడానికి కిందనుంచి వచ్చేవాడికి కూడా ఈ సంగతి తెలుసు.

శనివారం బడి ఆవరణలో మూడు వందల పన్నెండు మంది మూడుసార్లు నేల చూశారు. కొత్తగా వచ్చిన అధికారి, మౌనం అర్ధాంగీకారం అంటారు కదండీ అని నవ్వి, కాగితం మీద రాసుకుని, జీపెక్కాడు. జనం గెలిచామనుకుని ఇళ్ళకి పోయారు. సోమవారం నోటీసు చూసేదాకా పది పల్లెల్లోనూ పండగలాగే ఉంది.

"నేను దుబాసీని," అన్నాడు దుబాసీ. "మాట వస్తే ఇటునుంచి అటు మోస్తాను, అటునుంచి ఇటు మోస్తాను. రాని మాటని ఏ భాషలోకి మోయను?"

"దానికి అర్థమేమిటో నీకు తెలీదా?"

"తెలుసు. మీ నాన్నకి తెలీదా? పక్కనే ఉన్నారుగా. మండలిలో పదిహేనేళ్ళు బల్లలు గుద్దిన చేతులు! అక్కడ ఆయన్ని ఏమనేవాళ్ళు? ప్రతిదానికీ కాదంటాడని 'కాదు పెద్ద' అని పేపర్లలో కూడా రాసేవాళ్ళు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చ గెలిచి ఇంట ఓడారు."

ఆ మాట గుమ్మం దాకా వెళ్ళింది. ఆయన వీపు కదల్లేదు.

అక్కకి తమ్ముడి నోరు నొక్కాలో, మొగుడి భుజం మీద చెయ్యి వెయ్యాలో తెలియలేదు. రెండూ చెయ్యలేదు. చొక్కా మడత విప్పి మళ్ళీ పెట్టింది.

వింతేమిటంటే, కూతురు కూడా తండ్రి వైపు తిరిగింది.

"మావయ్య అన్నది నేనూ అడుగుదామనుకుంటున్నాను నాన్నా. మండలికి వెళ్ళిన మొదటి ఏడు నువ్వూ తల దించుకునే కూర్చున్నావు. మన శ్మశానం మీంచి రోడ్డు పోయింది. ఆ తర్వాతే కదా కాదనడం నేర్చుకున్నావు. నేర్చుకున్న మనిషివి శనివారం ఏమైపోయావు?"

పెద్ద ఇటు తిరిగాడు. మొహంలో కోపం లేదు. దారి తప్పిన మనిషి ఎవరినైనా అడగబోయే ముందు ఉండే మొహం.

"అది వాళ్ళ గది, అమ్మా. వాళ్ళ గదిలో వాళ్ళలా మాట్లాడాను. ఇది మన నేల. మనవాళ్ళంతా నేల చూస్తూ కూర్చున్నారు, ముసలీ ముతకా అంతా. వాళ్ళు ఒక మాట చెబుతున్నారు. మధ్యలో నేను లేచి అరిస్తే, వాళ్ళు చెప్పేది చాల్లేదని అన్నట్టే కదా? నేను వాళ్ళకి పెద్దనా, లేక మండలి వాళ్ళు ఇక్కడికి పంపిన మనిషినా?" ఆగాడు. "ఏమో. తప్పేనేమో. నాలుగు రోజులుగా అదే ఆలోచిస్తున్నా. ఒక పూట తప్పనిపిస్తుంది, ఒక పూట కాదనిపిస్తుంది."

ఆ అమ్మాయి ఇంకా తండ్రితో వాదించడానికే వచ్చింది గానీ, తండ్రి తనకే తెలియదని ఒప్పుకుంటాడని అనుకోలేదు. కాగితం బల్ల మీద పెట్టేసి, నీళ్ళు తాగడానికన్నట్టు వంటగదిలోకి పోయింది.

*

పెద్ద తన చెప్పులు గోడకి ఆనించి లోపలికి వచ్చాడు. దుబాసీ పెరట్లోకి జారుకున్నాడు. మొగుడూ పెళ్ళామూ సంచికి ఇటొకరూ అటొకరూ నిలబడ్డారు.

"నువ్వు వెళ్ళి ఏం చెబుతావు?" అంది అక్క గొంతు తగ్గించి. "నీ మాట పనికిరాదని ప్లీడరు చెప్పాడుగా. నువ్వు ఫిర్యాదు చేసినవాడివట. ఆచారం గురించి నువ్వెన్ని చెప్పినా కథలంటారట. ఆ రోజు సభలో ప్రభుత్వం తరఫున ఉన్న మనిషి, ఆ మౌనం విన్న మనిషి, వచ్చి చెబితేనే వింటారట."

"వాడు చెబితేనే."

"వాడు చెబితే వాడి ఉద్యోగం?"

"ఉద్యోగం పోతుంది. కేసు కూడా పెట్టొచ్చు, తెలిసి దాచాడని."

"చెప్పకపోతే?"

ఆయన కిటికీలోంచి చూశాడు. అక్కడినుంచి కొండ సగమే కనిపిస్తుంది. మిగతా సగం ఆయనకి చూడాల్సిన పని లేదు.

"చెప్పకపోతే వచ్చే నెల యంత్రాలొస్తాయి. పై మూడు పల్లెలూ ముందు. తర్వాత మనం."

"వాణ్ణి అడిగావా?"

"రెండుసార్లు అడిగాను. సోమవారం సాయంత్రం ఒకసారి. నిన్న ఆఫీసు గేటు దగ్గర ఒకసారి. రెండుసార్లూ నేలే చూశాడు."

అక్క రెండు వేళ్ళు మడిచింది. రెండుసార్లు. అంటే ఇక మిగిలింది ఒక్కటే. మూడోసారీ వాడు నేల చూస్తే ఇక ఆ మాట లేదు. అయినవాళ్ళ మధ్య మాట చచ్చిపోతే ఆ తర్వాత ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. పై పల్లెలో ఇద్దరు అన్నదమ్ములు అలాగే ముప్పై ఏళ్ళుగా ఒకే వాగు నీళ్ళు తాగుతూ మొహాలు చూసుకోకుండా బతుకుతున్నారు.

"మూడోసారి నేనడగను," అన్నాడు పెద్ద. "నీకు తమ్ముడు లేకుండా చెయ్యలేను."

"మరి నన్నడగమంటావా?"

ఆయన మాట్లాడలేదు.

"ఇదిగో, నీకు దణ్ణం పెడతాను. నువ్వు ఊరుకుంటే నేనేమనుకోవాలి? వద్దనా? అడగమనా? అలిసిపోయావనా?"

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమెకి అంతుపట్టనిది అదొక్కటే. లోకం మౌనాలన్నీ చదవగలదు గానీ మొగుడి మౌనంలో ఏది కాదో, ఏది ఉత్త నీరసమో ఇప్పటికీ తెలియదు.

"నాకే తెలీడం లేదే," అన్నాడు చివరికి. సంచి ముడి తనే వేశాడు. సరిగ్గా పడలేదు. ఆమె విప్పి మళ్ళీ వేసింది.

*

పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన రాయి మీద దుబాసీ కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా నలుగుతుందన్న ధ్యాసే లేదు. తొట్టిలో ఆకు ఒకటి తేలుతుంటే వేలితో ఇటు నెట్టి అటు నెడుతున్నాడు.

అక్క పక్కనే చతికిలబడింది.

"ఊళ్ళో నన్నేమంటున్నారో విన్నావా?" అన్నాడు.

"విన్నాను."

"అమ్ముడుపోయానంట. కొత్త ఇల్లు కట్టిస్తామన్నారంట నాకు. ఇల్లెక్కడ కడతారో కూడా చెబుతున్నారు. నాకు చూపిస్తే బాగుండు, వెళ్ళి చూసొద్దును."

"నేను నమ్మలేదురా."

"నమ్మాల్సిందక్కా. నమ్మితే అర్థం చేసుకోవడానికి తేలిగ్గా ఉండేది." ఆకుని నీళ్ళలో ముంచాడు. అది మళ్ళీ పైకొచ్చింది. "అసలు జరిగింది బావకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతావు."

"నవ్వి ఎన్నాళ్ళయిందో. చెప్పు."

"మూడోసారి అడిగాక ఎవరూ మాట్లాడలేదు కదా. అప్పుడు ఆ అధికారి నావైపు తిరిగాడు. 'వీళ్ళు ఎందుకు మాట్లాడటం లేదు? దీని అర్థం ఏమిటి?' అని గొంతు తగ్గించి నన్నే అడిగాడు. సూటిగా. మంచి మనిషే, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"నేను..." దుబాసీ అక్క మొహంలోకి చూశాడు. నలభై ఏళ్ళ మనిషి మొహం ఒక్కసారిగా ఏడేళ్ళ పిల్లాడి మొహమైంది. "నేను కూడా తల దించుకున్నాను."

అక్కకి వెంటనే అర్థం కాలేదు.

"చుట్టూ మనవాళ్ళు కూర్చుని ఉన్నారు. నువ్వున్నావు. బావున్నాడు. అందరూ నేల చూస్తున్నారు. ఆయన నన్నడిగాడు. నా మెడ దానంతటదే వంగిపోయింది. ఇరవయ్యేళ్ళుగా నేను ఆఫీసు మనిషినే అనుకున్నాను. ఆ క్షణం మాత్రం ఆఫీసూ లేదు, భాషా లేదు. నేను కూడా ఆయనకి చెబుతున్నాను, ఇవ్వం అని. మనందరితోపాటే నేనూ చెబుతున్నాను. బాగా చెప్పాననే అనుకున్నాను కూడా! తల ఎత్తేసరికి ఆయన రాసేసుకున్నాడు. సంతకం పెట్టమన్నాడు. ఏమని పెట్టనంటాను? రాసినవన్నీ నిజాలే."

ఆ ముందు వారం వరకూ అక్క తమ్ముడికి పట్నం గాలి తగిలిందనీ, కొండ మరిచిపోయాడనీ తిట్టుకునేది. మరిచిపోయి ఉంటే కొండ దక్కేది. మరిచిపోకపోవడం వల్లే పోతోంది. ఇది ఎవరి తప్పో ఆమెకి తెలియలేదు. తప్పు అనే మాట ఎక్కడ పెట్టినా నిలవడం లేదు.

"అదే చెప్పొచ్చుగదరా వాళ్ళకి. నగరంలో. ఉన్నదున్నట్టు."

"ఏమని? దుబాసీని నోరు తెరవమంటే తెరవలేదు, తల దించుకున్నాడు అనా? నోరు తెరవడానికే కదా నాకు జీతం. లోపల వేస్తారు. వెయ్యకపోయినా, ఇంక ఏ ఆఫీసూ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. కింద పట్నంలో నేను కొండవాణ్ణి. ఇక్కడ అమ్ముడుపోయినవాణ్ణి. ఉన్నది ఆ కుర్చీ ఒకటే, రెండు గదుల మధ్య వేసిన కుర్చీ. అదీ పోతే నేనెక్కడ కూర్చోవాలి?"

"ఇక్కడ కూర్చో. ఈ రాయి మీద కూర్చో. నేను పెట్టనా ఇంత ముద్ద?"

"నువ్వు పెడతావు. ఊరు పెడుతుందా?"

పైనుంచి ఎవరో గొడ్డలితో కట్టె కొడుతున్న చప్పుడు. ఒక దెబ్బ, దాని వెనకే దాని ప్రతిధ్వని.

తొమ్మిదిన్నర దాటింది. బస్సు పదకొండింటికి. దిగడానికే ముప్పావుగంట.

"అక్కా," అన్నాడు దుబాసీ ఉన్నట్టుండి. "నన్ను అడగొద్దు."

"ఏం అడగొద్దు?"

"తెలుసుగా. బావ రెండుసార్లు అడిగాడు. నువ్వు ఇప్పుడు అడుగుదామనే వచ్చి కూర్చున్నావు. అడగొద్దు. నేనింకా ఏమీ తేల్చుకోలేదు. తేల్చుకోనివాణ్ణి అడిగితే మెడ వంగుతుంది. దాని అలవాటు దానిది. తర్వాత నువ్వు నాకు అక్కవి కాదు."

ఆమె చేతులు ఒడిలో పెట్టుకుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని వినడమే గానీ, నిజంగా ఆ రెంటి మధ్యా కూర్చుంటే ఇంత ఇరుగ్గా ఉంటుందని తెలియదు. అడిగితే, వాడు నేల చూస్తే, ఈ గుమ్మం వాడికి మూసుకుపోతుంది. అడిగితే, వాడు సరేనంటే, వాణ్ణి తనే తీసుకెళ్ళి వాళ్ళ చేతుల్లో పెట్టినట్టు. అడక్కపోతే తమ్ముడుంటాడు. కొండ ఉండదు. కొండ లేని చోట వాడికి తను ఏ గుమ్మంలో నిలబడి అక్క అవుతుంది?

వంటగది తలుపు దగ్గర కూతురు నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి నిలబడిందో. నీళ్ళ గ్లాసు చేతిలోనే ఉంది, తాగలేదు.

"అమ్మా, వద్దు," అంది ఆ అమ్మాయి. పొద్దుటినుంచీ మావయ్యని కాకిలా పొడిచిన పిల్ల. "మావయ్య చెప్పింది నేను విన్నాను. వద్దులే అమ్మా. వేరే దారేదో..."

"ఏ దారి?" అంది అక్క.

దారి ఏమిటో నర్సుకి తెలియదు.

అక్క లేచి నిలబడింది. కూర్చుని అడగకూడదు, ఎదురుగా నిలబడి అడగాలి. మోకాళ్ళు పట్టేశాయి, తొట్టి అంచు పట్టుకుని లేచింది. తమ్ముడి ముందుకు వచ్చి నిలబడింది. ఏమని అడగాలో అప్పటిదాకా ఆమెకి తట్టనేలేదు. తట్టినవి తట్టినట్టే చెప్పింది.

"తమ్ముడూ. శుక్రవారం నగరానికి వెళ్ళి, ఆ రోజు మనం ఏం చెప్పామో వాళ్ళ భాషలో చెబుతావా?"

దుబాసీ తల వంగింది.

మెడ వెనక చెమటకి అంటుకున్న కాలరు కనిపించింది ఆమెకి. నెత్తి మీద వెంట్రుకలు పల్చబడుతున్నాయి. అది ఆమె ఎప్పుడూ చూడలేదు. వాడి చూపు నేల మీద ఉంది. పైన కట్టె కొట్టే చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది. గుమ్మంలోకి పెద్ద వచ్చి నిలబడ్డాడు. ఏం జరుగుతోందో చూశాడు. చెయ్యి గోడకి ఆనించాడు. మండలిలో మంత్రుల మొహం మీద కాదన్న మనిషి, ఆ క్షణం ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

నేల మీద ఒక చీమ దుబాసీ బూటు ఎక్కి, అవతలికి దిగి పోయింది.

అయిపోయింది అనుకుంది అక్క. చంపేసుకున్నాను అనుకుంది.

"బస్సు ఎన్నింటికి?" అన్నాడు దుబాసీ.

తల ఎత్తకుండానే అన్నాడు. ఇరవయ్యేళ్ళుగా అదే బస్సులో తిరుగుతున్న మనిషి. అయినా అది మాట. ఏ మాటైనా సరే, మాట మాటే. నేల చూసి ఊరుకోలేదు వాడు.

"పదకొండింటికిరా," అంది అక్క. "పదకొండింటికే."

అప్పుడు ఏడ్చింది ఆమె కాదు, కూతురు. గ్లాసులోని నీళ్ళు చీర మీద ఒలకబోసుకుంటూ వచ్చి మావయ్య చొక్కా పట్టుకుంది. "ఇస్త్రీ పాడైందే," అన్నాడు దుబాసీ. "అక్కడ నన్ను సాక్షి అనుకుంటారా, ముద్దాయి అనుకుంటారా ఈ చొక్కాతో?"

"నా రెండోది వేసుకో," అన్నాడు పెద్ద, గుమ్మంలోంచి. "నీకు వదులవుతుంది. పెద్దవాళ్ళ చొక్కా కదా."

"వద్దులే బావా. మీది వేసుకుంటే నేనూ పదకొండు నెలలకి పోతాను."

ఈసారి పెద్ద నవ్వాడు. నవ్వి, వెంటనే తలుపు వైపు తిరిగిపోయాడు. ఆయన భుజాలు కదలడం అక్క చూసింది. అది నవ్వో కాదో ఆమె తేల్చుకోలేకపోయింది.

*

కింద రోడ్డు మీద బస్సు పది నిమిషాలు ముందే వచ్చి నిలబడి ఉంది. డ్రైవరు టీ తాగుతున్నాడు. బావా బావమరుదులు ఎక్కి ఒకే సీట్లో కూర్చున్నారు. కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలని కాసేపు వాదించుకున్నారు. పెద్ద గెలిచాడు. దుబాసీ ఆయన మీదుగా వంగి, కిటికీలోంచి అక్కని చూసి ఏదో అన్నాడు. అదే సమయానికి డ్రైవరు ఇంజను వేశాడు.

"ఏంటీ?" అంది అక్క. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని బస్సు వెంట నాలుగడుగులు నడిచింది. "ఏమన్నావురా?"

వాడు చెయ్యి ఊపాడు, ఏం లేదులే అన్నట్టు.

ఇంటికి ఎక్కి వచ్చేటప్పుడు కూతురు అడిగింది, "మావయ్య ఏమన్నాడమ్మా?" అని. వినపడలేదంది అక్క. ఆ తర్వాత చాలా రోజులు, వినపడే ఉంటుందేమో, తనే సరిగ్గా పట్టించుకోలేదేమో అని ఆ రోడ్డు మీది నాలుగడుగుల్నీ మళ్ళీ మళ్ళీ నడిచి చూసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం పెద్ద తిరిగొచ్చాడు. దుబాసీ శుక్రవారం రెండు గంటలసేపు నిలబడి మాట్లాడాడనీ, చెప్పింది నాలుగు పేజీలైందనీ, బడి ఆవరణలో జరిగిన సభ చెల్లదని రాసుకున్నారనీ, ఆ సభ మళ్ళీ జరిగేదాకా యంత్రాలు రావనీ చెప్పాడు. గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పది పల్లెల వాళ్ళూ వాకిట్లో నిలబడి విన్నారు.

"వాడేడీ?" అంది అక్క.

పెద్ద ఆమె వైపు అయోమయంగా చూశాడు. ఇంట్లోకి చూశాడు. పెరటి వైపు చూశాడు.

"నాకంటే ముందు బయల్దేరాడు. శనివారం పొద్దున్నే. అక్కని చూడాలి, నేను ముందు పోతానన్నాడు. ఈపాటికి వచ్చే ఉంటాడనుకున్నాను."

పట్నం ఆఫీసులో అడిగారు, జైళ్ళలో అడిగారు, వాడి జాడ ఎవరూ చెప్పలేదు. ఆమె తమ్ముడు రాలేదు. బుధవారం పదకొండు గంటల బస్సుకి వెళ్ళినవాడు ఆ ఆదివారం రాలేదు, ఆ ఏడాది రాలేదు, ఆ తర్వాత ఇక రానేలేదు.